పురిటి గది గోడ

మగ్గం ఆగితే దగ్గు వినిపిస్తుంది, ఆడితే వినిపించదు, రెండింట్లో ఏది నయమో తేల్చుకోలేక పొద్దున్నుంచీ నాడెను అటూ ఇటూ తోస్తూనే ఉన్నాను. మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చుంటే సగం మనిషి నేలలో ఉన్నట్టే, వానల్లో ఆ గుంటలో చెమ్మ ఊరి పాదాలు నానిపోతాయి, నానిన పాదాలతోనే తొక్కుతున్నాను, ఎడమ, కుడి, ఎడమ, కుడి. నా మోచేతికి బెత్తెడు దూరంలో గోడ. గోడకు అవతల పురిటి గది. అందులో నా పెళ్ళాం వనజాక్షి ఉంది, ఆమె పక్కలో నేను ఇంతవరకూ మొహం చూడని నా కూతురు ఉంది. మా ఇళ్ళల్లో పురుడు వెళ్ళి, ఇల్లు కడిగి, పుణ్యాహం చల్లేదాకా మగవాడు ఆ గడప తొక్కకూడదు, బిడ్డ ఆ గడప దాటకూడదు. గడపకు ఇవతల మా అమ్మ చౌడేశ్వరమ్మ కూర్చుని ఉంది, ఒక పక్క వేపమండ, ఒక పక్క కొడవలి, మధ్యలో ఆమె, ఈ మూడింట్లో నాకు భయం ఆమె అంటేనే. మొదట్లో అది దగ్గులా లేదు, పిల్లి తుమ్మినట్టు ఉండేది, వినగానే నవ్వొచ్చింది కూడా, చూడు అప్పుడే తండ్రిని పలకరిస్తోంది అనుకున్నాను. ఆ తరవాత పొడిగా, గీరినట్టు మారింది. నిన్నటినుంచి దగ్గు చివర ఒక ఈల తగులుకుంది, సన్నటి ఈల, ఊపిరి లోపలికి పోయేటప్పుడు. ఆ ఈల నాకు తెలుసు. తెలిసినా తెలియనట్టు మగ్గం తొక్కుతున్నాను.

మగ్గం ఆపితే అమ్మ ఎందుకు ఆపావంటుంది, అదొకటి. ఇంకొకటి, మగ్గం ఆడుతున్నంతసేపూ నువ్వు ఉండావని తెలుస్తాది మామా అని వనజాక్షి గోడ అవతలినుంచి చెప్పింది. ఆమె మా మేనమామ కూతురు, పరికిణీ కట్టే నాటినుంచీ నన్ను మామా అనే పిలుస్తుంది. చీకటి గదిలో పడుకుని ఆమె నా మగ్గం చప్పుడు వింటోంది, ఇక్కడ కూర్చుని నేను ఆమె బిడ్డ ఊపిరి వింటున్నాను, ఒకటి వినాలంటే ఇంకొకటి ఆగాలి. నాలుగు పోగులు నేసి ఆగుతాను, విని మళ్ళీ నేస్తాను. ఈ నేత చూస్తే మా నాయన కర్ర తీసుకునేవాడు, ఒక చోట దట్టంగా, ఒక చోట పలచగా, భయపడేవాడి చేతి గుడ్డ అని ఎవరైనా చెప్పేస్తారు.

ఈ ఏడు వానలు కార్తీకానికి ముందే పట్టుకున్నాయి. కుశస్థలి పొంగింది, మద్రాసు పోయే రైళ్ళు ఏకాంబరకుప్పం స్టేషన్లో నిలిచిపోయాయని చెప్పుకున్నారు, వీధిలో ఎవరి ఇంట్లోనూ పొడిగుడ్డ లేదు. మొదట గోడ అడుగున ఆవగింజలంత చుక్కలు కనిపించాయి, తడిగుడ్డతో తుడిచాను, పోయాయి. మర్నాడు ఇంకాస్త పైన కొత్తవి. కిరసనాయిలు పూస్తే పోతుందని ఎవరో అన్నారు, యుద్ధం మొదలైనప్పటినుంచీ కార్డు మీద ఇచ్చే కిరసనాయిలు దీపానికే చాలదు. వేపాకు పొగ వేశాను, నేను దగ్గాను గానీ బూజు దగ్గలేదు. పసుపు నీళ్ళు చల్లితే నలుపు మీద పచ్చగా పెళ్ళికళ వచ్చింది, అంతకన్నా ఏమీ కాలేదు. ఇప్పుడు అది నా భుజం దాకా పాకింది. మధ్యలో నలుపు, అంచుల్లో బూడిదరంగు, వేలు పెడితే మెత్తగా తగిలి పొడి రాలుతుంది, ఆ పొడి ముక్కులోకి పోతే గొంతు గరగరలాడుతుంది. గాలీ వెలుతురూ తగిలే నా వైపే ఇంత ఉంటే అవతల ఎంత ఉందో. నిన్న వనజాక్షి చెప్పనే చెప్పింది. "మామా, తలాపు తట్టు గోడంతా నల్లంగా పాకింది. పాప మొగం మింద ఏందో పొడి పడతా ఉండాది. తుడస్తానే ఉండాను" అంది. తుడువు, తుడుస్తూ ఉండు అన్నాను. ఇంతకన్నా పనికిమాలిన మాట నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు.

ప్రతి ఏడూ దసరాకు ముందు ఇంటికి సున్నం కొడతాం, కొడితే ఆ ఏడాది గోడ శుభ్రంగా ఉంటుంది, బూజూ రాదు, పురుగూ రాదు. ఈ ఏడు కూడా సున్నపురాయి తెచ్చి పెరట్లో కుండలో నానబెట్టాను, అది కుతకుత ఉడుకుతుంటే అమ్మ వచ్చి కుండ మీద చేట బోర్లించింది. కడుపుతో ఉండే మనిషిని ఇంట్లో పెట్టుకుని సున్నం కొడతావా, బిడ్డ కళ్ళకు పొర వస్తాది, మతుండాదా నీకు అంది. నిజమే, మా వీధిలో ఎవరూ కొట్టరు. పక్కింటి గోవిందయ్య పెళ్ళాం కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళింటి గోడ పెచ్చులూడి పడినా అతుకు వెయ్యలేదు. నేను కుండ పక్కకు జరిపి మగ్గం ఎక్కాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు గోడ వైపు చూస్తుంటే అనిపిస్తోంది, రెండేళ్ళ కిందట కూడా వనజాక్షి కడుపుతోనే ఉంది, అప్పుడూ సున్నం కొట్టలేదు, అప్పుడూ ఇదే గది, ఇట్లాంటి వానే. ఈ సంగతులన్నీ విడివిడిగా నాకు ఎప్పటినుంచో తెలుసు, ఇవాళ పొద్దున అవి ఒకచోటికి వచ్చి కూర్చున్నాయి.

మొదటివాడు. వాడికి పేరు లేదు, పేరు పెట్టేదాకా ఉండలేదు. వాడికీ దగ్గే, వాడికీ ఈలే. పురుడు వెళ్ళాక చూస్తాంలే అని నేను ఇక్కడే, ఈ గుంటలోనే కూర్చుని నేసుకుంటున్నాను, తలుపు తెరుచుకుంది, అమ్మ వాణ్ణి గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నేను నేసిన గుడ్డే. మొహం చూడరా అంది. చూశాను. నా కొడుకును నేను చూడటం అదే మొదలు, చల్లగా ఉన్నాడు, ముక్కు నాదే. మా ఊళ్ళో ముక్కు పెద్దదైతే కొండను చూపించి వెక్కిరిస్తారు, నగరి కొండకు ముక్కుంది కదా, నన్ను చిన్నప్పుడు అందరూ కొండా అనేవాళ్ళు, ఆ ముక్కు వాడికి అంత చిన్న మొహం మీద ఎంత బాగా అమిరిందో. ఏ తండ్రికీ బిడ్డను అట్లా చూపించకూడదు. ఈసారి కూడా తలుపు అట్లాగే తెరుచుకుంటుందేమో, అమ్మ అట్లాగే చేతులు చాచి వస్తుందేమో, ఈ పాపను కూడా నేను అట్లాగే చూస్తానేమో. దేవుడా, అది వద్దు. ఎడమ, కుడి. తొక్కు.

అమ్మ చెడ్డది కాదు. వాడు పోయిన రోజు ఆమె నేల మీద దొర్లి ఏడ్చింది, ఆ గది దూలం పక్కన సందుంది, ఆ సందులోంచి గాలి దూరి బిడ్డను కొట్టింది, నేను చూసుకోలేదు అని తన తలే తను బాదుకుంది. అందుకే ఈసారి ఒక్క సందు వదల్లేదు. ఉన్న ఒక్క గవాక్షానికీ బంకమట్టి మెత్తింది, దూలాల సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది, తలుపుకు లోపలివైపు గోనెపట్టా కట్టింది. లోపల కుంపటి, సాంబ్రాణి, వాము పొగ, రెండు పూటలా కాగే నీళ్ళు, ఆ ఆవిరి పోయే దారి లేదు. గంజి పెట్టిన పడుగును చుట్టి చెమ్మ గదిలో పెడితే ఏమవుతుందో మా కులంలో పాలుతాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. ముక్కవాసన తగిలీ తగలక ముందే పడుగు విప్పి వీధిలో ఆ చివరినుంచి ఈ చివరకు ఎండకు సాగదీస్తాం, మబ్బు పట్టినా గాలికైనా పెడతాం, మూటగట్టి దాచామా, నూలు చేతిలో పొడి అయిపోతుంది. ఆ పని నూలుకు చేస్తాం. పొద్దున ఇదే అమ్మకు చెప్పబోయాను.

"అమ్మా, వాన తెరిపిచ్చింది. ఒక గడియ తలుపు తియ్యి."

"గాలి తగిలితే ఏమయితాదో నీకు తెలీదా? ఒకసారి పోగొట్టుకుంటిమి గదా, సాల్లేదా?"

"లోపల గోడంతా బూజు పట్టిందంట."

"బూజు యాడ లేదురా? నీ మగ్గం కింద లేదా, నా గంపల్లో లేదా? బూజుకు ఎవురన్నా సస్తారా? గాలికి సస్తారు."

ఆమెకు ఖాయంగా తెలుసు, నాకు ఉన్నది భయం ఒక్కటే, భయాన్ని పట్టుకుని ఎవరితో ఏమని వాదించను. అందులోనూ నా భయానికి ఊళ్ళో పేరుంది. కిందటేడు మద్రాసు మీద బాంబులు పడతాయని అక్కడి జనం పెట్టెలూ పరుపులూ వేసుకుని రైలు దిగుతుంటే చూసి వచ్చి, మా పెరట్లో నేను కందకం తవ్వాను. వీధి వీధంతా వచ్చి చూసి నవ్వింది, జపానోడు మన దేవరాజులు మగ్గం కోసమే విమానం వేసుకుని వస్తున్నాడు అన్నారు. బాంబూ పడలేదు, ఏమీ పడలేదు, కందకంలో నీళ్ళు నిలిచి కప్పలు చేరాయి. ఆ కందకం తవ్వినవాడు ఇవాళ గోడ చూసి భయపడుతున్నాడంటే ఎవరు వింటారు. నేనే వినను. ఏమో, ఇది కూడా కందకమేనేమో, పసిబిడ్డలకు దగ్గు రాదా, పడిశం పట్టదా, నాగులమ్మ మంత్రసాని చూసి పోయింది కదా, వసకొమ్ము అరగదీసి నాకించమంది కదా, అయినా ఆ దగ్గేది, ఇందాకటినుంచీ దగ్గు లేదు.

మగ్గం ఆపాను.

"ఎందుకురా నిలిపినావు?"

"పోగు తెగింది."

తెగలేదు. గోడకు చెవి ఆనించాను, చెంపకు బూజు మెత్తగా, చల్లగా తగిలింది, ఒళ్ళు జలదరించినా తియ్యలేదు. దగ్గు లేదు. ఏడుపు లేదు. నా రక్తం నాకే వినిపిస్తోంది. చాలాసేపటికి, నాకు చాలాసేపు అనిపించిన తరవాత, ఈల. ఆగింది. మళ్ళీ ఈల. మధ్యలో ఖాళీ ఎక్కువగా ఉంది. వనజా అన్నాను, గోడలోకే, చిన్నగా. ఆమె నోరు కూడా గోడ దగ్గరే ఉందేమో, వెంటనే పలికింది.

"మామా, పాలు పట్టడం లేదు. నోట్లో పెట్టినా కరసడం లేదు. ఏడ్సే సత్తవ కూడా లేదు దానికి. మొదటోడు గూడా ఇట్లే..."

ఆ మాట మేమిద్దరం రెండేళ్ళుగా ఒకరి ఎదట ఒకరం అనుకోలేదు, ఇవాళ అనేసింది, సగమే అనేసింది, మిగతా సగం గోడలో ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఎండ వచ్చింది. వాకిట్లోంచి ఒక చార వచ్చి నా పడుగు మీద పడింది, ఎన్నాళ్ళకు చూశానో ఎండను, నూలుపోగులన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. పక్కిళ్ళల్లో తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు, పడుగు తియ్యండప్పా ఎండొచ్చింది అని ఎవరో కేక, వీధి వీధంతా తమ తమ నూలును ఎండలోకి ఈడుస్తోంది. నేను గుంటలోంచి లేచాను. గడప తొక్కలేను, తొక్కాలంటే అమ్మను తొక్కాలి, ఆమె నన్ను పోనివ్వదు, పోనిచ్చినా రేపు బిడ్డకు ఏమైనా అయితే నువ్వు తొక్కడం వల్లే అంటుంది, అప్పుడు నేనూ అదే నమ్ముతాను. గోడ పగలగొట్టలేను, దూలం దాని మీదే ఉంది. పైన పెంకులు. నాటు పెంకులు, ఒకదాని మీద ఒకటి పరిచినవి, చేత్తో తీస్తే వచ్చేవి.

తీస్తే వస్తాయని నాకు బాగా తెలుసు, ఎందుకంటే తీశాను. మా నాయన ప్రాణం పోక కొట్టుమిట్టాడుతుంటే పెద్దవాళ్ళు ఇంటి మీదికెక్కి తలాపున ఒక పెంకు తియ్యమన్నారు. మా వాళ్ళల్లో అట్లా తీస్తారు, జీవుడికి దోవ కావాలంటారు. ఎక్కి తీసింది నేను. పెంకు ఇంకా చేతిలో ఉండగానే కింద ఏడుపులు మొదలయ్యాయి. ఆ రోజునుంచీ నేను ఇంటి మీదికి ఎక్కలేదు, పెంకు జారినా గోవిందయ్యను బతిమాలుకుని సర్దించాను. ఇప్పుడు నిచ్చెన వేస్తున్నాను. ఒక్కో మెట్టే ఎక్కుతున్నాను. తలాపున పెంకు తీస్తే దోవ తెరుచుకుంటుంది, సరే, ఏది పోతుంది, ఏది వస్తుంది, అది నా చేతిలో ఉందా. గాలి లోపలికి పోతుందనుకుని తీస్తే ప్రాణం బయటికి వస్తే. తియ్యకపోతే ఈల మధ్య ఖాళీ పెరుగుతుంది. తీసినా భయమే, తియ్యకపోయినా భయమే. పెంకుల మీద పాచి పట్టి ఉంది, బొటనవేళ్ళు జారుతున్నాయి, బోర్లా పడుకుని పాక్కుంటూ పోయాను, చూరుకు కాస్త పైన, పురిటి మంచం తలాపు ఇక్కడే ఉండాలి.

మొదటి పెంకు కదపగానే చప్పుడైంది. అమ్మ పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఏం సేస్తా ఉండావురా? దిగు. ప్రాణం పొయ్యే దోవ తీస్తావా? మీ నాయనకు తీసిన సేత్తోనే తీస్తావా?"

నా భయాన్నే ఆమె నోటినుంచి వింటే ఇంకా భయమేసింది. చెయ్యి పెంకు మీద ఉండిపోయింది. దిగిపోదామనే అనుకున్నాను, ఇది నిజం, మోకాలు వెనక్కి జరిపాను కూడా. అప్పుడు నా కింద, పెంకుల కింద, ఈల వినిపించింది, గోడలోంచి విన్నప్పటికన్నా ఇక్కడ దగ్గరగా ఉంది. పెంకు తీశాను. లోపలినుంచి వాసన పైకి తన్నింది, పులిసిన గంజి, పొగ, తడిసిన గోనె, మట్టి, అన్నీ కలిసిన వాసన, మొహం పక్కకు తిప్పుకుంటే గానీ ఊపిరి ఆడలేదు. బిడ్డ పుట్టినప్పటినుంచీ పీలుస్తున్నది దీన్ని. ఇంకో పెంకు, ఇంకోటి, పక్కన పేరుస్తున్నాను, కొన్ని జారి పెరట్లో పగులుతున్నాయి. ఎండ లోపలికి దిగింది. ఆ ఎండలో కనిపించింది, గది నిండా పొడి, మెల్లగా తేలుతోంది, గోడ నేల దగ్గరనుంచి దూలం దాకా నల్లగా ఉంది, గోనెపట్టా మీద బూజు, కట్టిన గుడ్డపీలికల మీద బూజు, మంచం కోళ్ళ మీద బూజు. వనజాక్షి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఇంత పాలిపోయిందా.

"పాప గడప దాటకూడదు, అంతే గదా మామా?" అంది. "ఇట్లా అందుకో."

గది మూలన ఉన్న నూలుపెట్టెను గోడ దగ్గరికి ఈడ్చి దాని మీదికెక్కింది, బాలింత మనిషి, తూలింది, దూలం పట్టుకుని నిలబడింది. పెంకుల కింది వెదురుబద్ద అడ్డం ఉంది, గుంజితే చెమ్మకు చివికిపోయి ఉందేమో, చప్పుడు కూడా చెయ్యకుండా చేతిలోకి వచ్చేసింది. ఆమె రెండు చేతులూ పైకెత్తింది. నేను రెండు చేతులూ కిందికి చాచాను, చాచితే నన్ను పట్టుకునేది ఏమీ లేదు, పొట్ట కింద పాచి ఒక్కటే. గుడ్డ చేతికి తగిలింది. గుడ్డ లోపల వేడి తగిలింది. ఆ వేడికి నాకు ఏడుపొచ్చింది, వేడిగా ఉంది, చల్లగా లేదు, పైకి తీసుకున్నాను, గుండెల మీద పెట్టుకుని వాలులో వెల్లకిలా ఒరిగాను, మడమలు పెంకుల సందుల్లో గుచ్చి. కదిలితే ఇద్దరం పోతాం. కిందికి చూడలేదు. పాపనే చూస్తున్నాను. మొహం నీలంగా ఉంది, పెదాల చుట్టూ మరీ నీలంగా, కనుబొమల మీద సన్నటి నల్ల పొడి, నేను ఊదాను. పక్కటెముకల కింద గుంట పడుతోంది, ఈల వస్తోంది, మళ్ళీ గుంట, మళ్ళీ ఈల. ఊపిరి పీల్చమ్మా, బయటి గాలి ఇది, పీల్చు, నేను దింపనులే, పీల్చు. ఈల ఆగింది. నా చేతుల కింద ఆ ఒళ్ళంతా బిగుసుకుంది, నోరు తెరుచుకుంది, చప్పుడు లేదు, తెరుచుకునే ఉంది, అమ్మ చెప్పిందే అవుతోంది, నేను దోవ తీశాను, నా చేత్తో నేనే తీశాను అనుకుంటూ ఉన్నాను. ఆ నోట్లోంచి ఏడుపు వచ్చింది. బొంగురుగా, విరిగి విరిగి, మధ్యమధ్య ఈలతో, ఎండకు మొహం చిట్లించుకుని, కాళ్ళు గుడ్డలో తన్నుకుంటూ ఏడుస్తోంది. ఇన్నాళ్ళలో దాని ఏడుపు ఇంత పెద్దగా నేను వినలేదు. చుట్టుపక్కల పడుగుల దగ్గర మాటలు ఆగిపోయాయి. లోపల వనజాక్షి కూడా ఏడుస్తోంది.

కింద అమ్మ అరుపులు లేవు. లోపలికి పోయిందేమో, వీధిలో జనాన్ని పిలవడానికి పోయిందేమో అనుకున్నాను. కాసేపటికి నిచ్చెన కాస్త కదిలి గట్టిగా నిలబడింది, ఎవరో రెండు చేతులా పట్టుకున్నట్టు.

"ఏడస్తా ఉండాదా రా?" అని అడిగింది అమ్మ. ఆమె గొంతు నాకు కొత్తగా ఉంది, ఆమెకు ఇంత భయం ఉందని నాకు తెలియదు.

"ఏడస్తా ఉండాదమ్మా."

నిచ్చెన ఇంకాస్త గట్టిగా చూరుకు ఆనింది.

"అయితే దింపొద్దు నాయనా," అంది. "నేను పట్టుకోని ఉండా. ఎండ పొయ్యేదంకా ఆడ్నే కూసో."